గుమ్మపాలు

స్వర్ణముఖి వరదకు ఏర్పేడు పక్కపల్లెల్లో పశువులు కొట్టుకుపోయాయే, దాని తర్వాతి ఏడాది జరిగింది ఇది. ఆ వరదలో దేవరాజులు కొట్టం గోడతో సహా పోయింది. కట్టేసిన రెండావుల్లో ఒకటి, నీళ్ళు తీశాక, రైలుకట్ట కింద కంపల్లో దొరికింది. రెండోది ఎటు పోయిందో ఆనవాలు కూడా తెలియలేదు. పాడి లేని ఇల్లు ఎన్నాళ్ళని నడుస్తుంది. కొడుకు మునిశేఖర్ ఎక్కడో దూరపు సంతకు పోయి ఒక చూడి ఆవును తోలుకొచ్చాడు. జెర్సీ కలిసిన ఎర్రావు. పొదుగు బాగుంది, నడక బాగుంది, నోరు తెరిచి చూస్తే పళ్ళూ బాగున్నాయి. పశువును చూసి చెప్పడంలో దేవరాజులుకు ఊళ్ళో పేరుంది. ఆయన చుట్టూ తిరిగి చూసి, వెన్ను మీద చెయ్యి వేసి, తల ఊపాడు.

ఆయన తల ఊపాడంటే ఒక పూటంతా మాట్లాడినట్టే లెక్క. పెళ్ళాం బతికున్నన్నాళ్ళూ ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. ఆమె పోయాక ఆయన వాటాకు మాట్లాడేవాళ్ళు లేకుండా పోయారు.

ఆ ఆవు నెలలు నిండకముందే ఈసుకుపోయింది. తెల్లవారి కొట్టంలోకి పోయేసరికి, ఒంటి మీద వెంట్రుక కూడా సరిగ్గా రాని దూడ గడ్డిలో పడి ఉంది. మాయ పడలేదు. దేవరాజులే మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని తీశాడు. మునిశేఖర్ వచ్చి చూసి, వీధి లేవకముందే దూడను పెంటదిబ్బ అడుగున పూడ్చిపెట్టాడు. ఆవు ఈసుకుపోయిందని ఆ పక్క ఎవరూ బయట చెప్పుకోరు. చెబితే ఆ ఇంటి పశువుకు బేరం రాదు, పక్కింటివాళ్ళు తమ పశువును ఆ తొట్టి దగ్గరికి రానివ్వరు. దూడ పుట్టి చచ్చిందంటే మాత్రం అయ్యో అని నాలుగు మాటలని పోతారు. వీళ్ళూ అట్లాగే చెప్పారు. నెలలు నిండకపోయినా ఆవు పాలకు వచ్చింది. దూడ లేకున్నా దేవరాజులు పక్కన కూచుని, పొదుగు మీద గోరువెచ్చని నీళ్ళు చల్లి సవరిస్తే పాలు చేపేది. వేరే చెయ్యి పడితే కాలు విసిరేది. దూడ పోతే పోయింది, పాలు నిలిచాయి, అదే చాలనుకున్నారు ఇంట్లో.

మునిశేఖర్ కూతురు మహితకు అప్పుడు ఏడో ఏడు నడుస్తోంది. చీపురుపుల్లలాగా ఉండేది. ఆ పిల్ల తల్లి జయంతిది శుభ్రం ఎక్కువ. బిడ్డకు ఏదిచ్చినా కాచి, వడగట్టి, చల్లార్చి ఇచ్చేది. పాలు మూడు పొంగులు వస్తేగాని పొయ్యి మీద నుంచి దించేది కాదు. పచ్చిపాలు బిడ్డకు పడవు మామా అని దేవరాజులుకు ఒకసారి గట్టిగానే చెప్పింది. ఆయన ఎదురు చెప్పలేదు. అట్లాగని విననూ లేదు. ఆయన పెరిగింది గుమ్మపాల మీద. పొదుగు నుంచి వచ్చిన పాలను వచ్చినట్టే, ఆ వేడీ నురగా పోకముందే తాగితే ఎముకకు బలమని ఆయన తల్లి చెప్పేది. అన్నదమ్ములందరూ అట్లా తాగినవాళ్ళే, అందరూ బండలు మోసినవాళ్ళే.

జయంతి వాకిట్లో ముగ్గు వేసే వేళకు మహిత వెనక తలుపు గుండా కొట్టంలోకి వచ్చేది. ఆవు పక్కన గొంతుక్కూచుని నోరు తెరిచేది. దేవరాజులు చన్నును వంచి ధార కొట్టేవాడు. సగం నోట్లో పడేది, సగం ముక్కు మీద పడేది. పిల్ల కిసుక్కున నవ్వేది. ఆయన తన పెదాల మీద వేలు పెట్టుకుని చూపించేవాడు. పావడా అంచుతో మూతి తుడుచుకుని పిల్ల వచ్చిన దారినే పోయేది. రోజు మొత్తంలో ఆయన నవ్వేది ఆ ఒక్కసారే.

వానలు మొదలైనప్పుడు, ఒక సాయంత్రం, మహిత తొక్కుడుబిళ్ళ ఆట మధ్యలో వదిలేసి వచ్చి అరుగు మీద కూచుంది. కుడి మోకాలు నొప్పి అన్నది. మర్నాటికి ఆ మోకాలు వెలగకాయంత అయింది. ఎరుపు లేదు, దెబ్బ లేదు, గీత లేదు. చెయ్యి పెడితే మాత్రం వెచ్చగా తగిలింది. కాలు పూర్తిగా చాపలేదు, పూర్తిగా ముడవలేదు. దిండు మీద సగం వంచి పెట్టుకుని పడుకుంది. ఎక్కడ పడ్డావని తల్లి అడిగింది. పడలేదంది. ఆటల్లో పడని పిల్ల ఉంటుందా, మరిచిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారు.

ఆ వైపు ఎముకకు ఏదైనా అయితే ముందు పుత్తూరుకే పోతారు. మునిశేఖర్ బిడ్డను మోటారు సైకిలు మీద ఎక్కించి, వెనక తండ్రిని కూచోబెట్టుకుని పోయాడు. కట్టు కట్టే పెద్దాయన ఒకాయన మోకాలును రెండు చేతులా పట్టి చూశాడు. చిప్ప మీద వేలితో నొక్కితే అది నీళ్ళలో బిళ్ళలాగా మునిగి లేచింది. ఆయన చెయ్యి తీసేశాడు. నూనె గిన్నె ముట్టలేదు, గుడ్డ చించలేదు.

"ఎముక బాగుండాదప్పా," అన్నాడు. "లోపల నీరు చేరుండాది, కాక ఉండాది. దీన్ని పట్టి కట్టేస్తే బిడ్డకు కాలు లేకుండా పోతాది. నా మాటిని తిరుపతికి తోలుకోని పో."

మునిశేఖర్ వెంటనే పోలేదు. కట్టేవాడే కట్టనన్నాక కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఊళ్ళో ఎవరో పసరు చెప్పారు, అది పట్టించారు. ఎవరో దిష్టి అన్నారు, అదీ తీశారు. ఆ రోజుల్లో పొద్దు గూకితే బిడ్డకు జ్వరం వచ్చేది. తెల్లవారే వేళకు చెమటలు పట్టి గౌను తడిసి పోయేది.

దేవరాజులు ఆ పుత్తూరు పెద్దాయన మాటల్లో ఒక్కటే పట్టుకున్నాడు. ఎముక బాగుంది. బాగున్న ఎముకను అట్లాగే నిలుపుకోవాలి. నడవలేని బిడ్డ కొట్టంలోకి రాలేదు కదా. ఆయనే గ్లాసులోకి గుమ్మపాలు పితికి, తువ్వాలు కింద పెట్టుకుని, జయంతి నీళ్ళకు పోయిన వేళ చూసి మంచం దగ్గరికి తీసుకుపోయేవాడు. ఇదివరకు రెండు మూడు ధారలు తాగేది. ఇప్పుడు గ్లాసు నిండుగా తాగించేవాడు. నొప్పి మీదున్న పిల్ల వద్దనేది. తల నిమిరి, ఒక్కొక్క గుక్కే, మొత్తం తాగించి లేచేవాడు.

చివరికి తిరుపతికి తీసుకుపోయారు. పిల్లలను చూసే ఆస్పత్రి. అక్కడి డాక్టరమ్మ నడివయసు మనిషి, తొందర లేని మనిషి. మోకాలును చూసి, రెండో మోకాలును చూసి, చేతివేళ్ళ కణుపులు, గొంతు, కళ్ళు, కడుపు, అన్నీ చూసింది. పిల్లలకు మోకాలు వాచిందంటే దాని వెనక చాలా ఉంటాయమ్మా అని జయంతికి చెప్పింది. దెబ్బ కావచ్చు, ముల్లు విరిగి లోపల ఉండిపోవచ్చు, గొంతునొప్పి వచ్చి తగ్గాక కీళ్ళ మీదికి రావచ్చు, చీము పట్టొచ్చు. కొందరికి నెత్తురు గడ్డకట్టని జబ్బుండి లోపలే కారుతుంది. కొందరికి నెత్తురులోనే చెడ్డ జబ్బు మొదలై ముందుగా మోకాలు దగ్గర బయటపడుతుంది. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, మందు మాత్రం దేనిది దానికే, ఒకదాని మందు ఇంకొకదానికి విషం అవుతుంది అంది. జయంతి ఆ చెడ్డ జబ్బు దగ్గరే ఆగిపోయింది. మిగిలినవేవీ ఆమెకు వినపడలేదు.

సూది గుచ్చి మోకాల్లోంచి నీరు తీశారు. మునిశేఖర్ బిడ్డ భుజాలు అదిమి పట్టుకున్నాడు. జయంతి వరండాలోకి పోయింది. దేవరాజులు కాళ్ళ దగ్గర నిలబడి సిరంజిలోకి ఎక్కుతున్న నీటిని చూశాడు. పలచటి గంజిలాగా, పసుపు కలిసి, మసకగా ఉంది. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. చీము అయ్యుంటే ఈ పూటే మోకాలు కోసి కడగాల్సి వచ్చేదంది. నెత్తురూ కాదంది. నెత్తురు పరీక్షల్లో ఆ చెడ్డ జబ్బు లేదని సాయంత్రానికి తేలింది. జయంతి అప్పుడు వచ్చి బిడ్డ పక్కన మంచం మీద కూచుంది.

నీటిని సీసాల్లో పెట్టి చూశారు, ఏ పురుగూ పెరగలేదు. ఏదైనా కానీ అని నరానికి మందు ఎక్కించారు. జ్వరం దిగింది. వాపు సగానికి తగ్గింది. బిడ్డ కుంటుతూనైనా మంచం దిగి కిటికీ దాకా నడిచింది. మళ్ళీ చూపించమని చెప్పి ఇంటికి పంపారు.

ఇంటికొచ్చిన మర్నాడే దేవరాజులు గ్లాసు తీసుకుని కొట్టంలోకి పోయాడు. ఆస్పత్రి తిండితో చిక్కిపోయిన బిడ్డ. ఇన్నాళ్ళూ తాగనిది కూడా కలిపి తాగించాలనుకున్నాడు.

వినాయక చవితి వచ్చేసరికి మోకాలు మళ్ళీ వాచింది. ఈసారి వెలగకాయ అన్నది చిన్నమాట. జ్వరం, చెమటలు, అన్నం సయించకపోవడం. మహిత ఏడవడం కూడా మానేసి గోడవైపు తిరిగి పడుకునేది. మళ్ళీ తిరుపతి, మళ్ళీ అదే డాక్టరమ్మ.

ఈసారి ఆమె క్షయ మాట ఎత్తింది. క్షయ ఊపిరితిత్తుల్లోనే కాదు, కీళ్ళలో కూడా కూచుంటుంది, సాయంత్రం జ్వరం, చెమటలు, నెమ్మదిగా తినేసే వాపు, అన్నీ దానివే అంది. ఇంట్లో ఎవరైనా దగ్గుతారా అని అడిగింది. మునిశేఖర్ తండ్రి వైపు చూశాడు. జయంతీ చూసింది. దేవరాజులుకు బీడీ దగ్గు ఎప్పటినుంచో ఉంది. ఈ మధ్య ఒంట్లో కూడా బాగాలేదు. నడుము పట్టేసేది, పొద్దుటికి చొక్కా తడిసేది. వయసు మీద పడిందనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఆయన్ను ఎక్స్‌రేకు పంపారు. చల్లటి పలకకు ఛాతీ ఆనించి ఊపిరి బిగబట్టినప్పుడు ఆయనకు ఒక్కటే ఆలోచన. నా నుంచి కాకుండా ఉంటే చాలు. కోడలు అప్పుడే బిడ్డ మంచం నుంచి ఆయన స్టూలును దూరం జరిపింది. ఆయన కూడా తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు. తర్వాత ఫిల్మ్ వచ్చింది. ఛాతీ శుభ్రంగా ఉంది. కళ్ళె పరీక్షలోనూ ఏం లేదు. ఆ మధ్యాహ్నం దేవరాజులు ఆస్పత్రి ఎదురుగా ఉన్న బండి దగ్గర ఆకలి తెలిసి అన్నం తిన్నాడు. చాలా రోజుల తర్వాత. బిడ్డకు పట్టిన పీడ ఏదైనా కానీ, తన వల్ల మాత్రం కాదు.

మర్నాడు డాక్టరమ్మ మంచం పక్కన కూచుంది. ఆస్పత్రిలో ఉంటే తగ్గుతోంది, ఇంటికి పోతే తిరగబెడుతోంది, అది తనకు అంతుపట్టడం లేదంది. ఇంట్లో ఏముందో చెప్పమంది. జయంతికి ఆ మాట గుచ్చుకుంది. నీళ్ళు కాచేది, కూరగాయలు ఉప్పునీళ్ళలో కడిగేది, బిడ్డ గోళ్ళు తీసేది, వరసగా చెప్పుకుపోయింది. డాక్టరమ్మ అంతా విని మునిశేఖర్ వైపు తిరిగింది.

"పశువులున్నాయా?"

"ఒగ ఆవుండాది మేడమ్."

"ఈసుకుపోయిందా ఈ మధ్య?"

ఆస్పత్రి ఖర్చులకని మునిశేఖర్‌కు ఆవును అమ్మేయాలని అప్పటికే పరంధామయ్య అనే దళారితో మాటయింది. "లేదు మేడమ్. దూడ పుట్టి సచ్చిపాయ," అన్నాడు.

ఎందుకడిగిందో డాక్టరమ్మే చెప్పింది. ఆవు ఈసుకుపోవడం వెనక ఒక పురుగుంటుంది. దాని పాలు కాచకుండా తాగితే ఆ పురుగు మనిషిలోకి వస్తుంది. పిల్లల్లో మోకాలు, తుంటి, పట్టుకుని కూచుంటుంది. చూడడానికి అచ్చం క్షయలాగానే ఉంటుంది. మామూలు మందులకు కొంచెం తగ్గినట్టు తగ్గి మళ్ళీ లేస్తుంది.

"పచ్చిపాలు ఎప్పుడైనా తాగిందా పాప?"

"మూడు పొంగులు రానిదే నేను దించను మేడమ్," అంది జయంతి. "మా వీధిలో ఎవుర్నైనా అడగండి. నా బిడ్డకు పచ్చిపాల సుక్క తెలీదు."

"అయితే అది కాదు."

డాక్టరమ్మ లేచింది. ఇంక క్షయ మందులు మొదలుపెట్టడమేనని, ఏడాది వాడాలని చెప్పింది. తాను అనుకున్నది తప్పైతే ఈలోపల కీలు మిగలదని కూడా దాచకుండా చెప్పింది.

తలుపు దగ్గర నిలబడ్డ దేవరాజులు మంచం వైపు చూశాడు. మహిత ఆయన్నే చూస్తోంది. మాటలన్నీ వింటూనే ఉంది. వాచిన కాలు కదలకుండా, ఒక్క చెయ్యి మాత్రం దుప్పటిలోంచి తీసి, ఎవరూ చూడకుండా, పెదాల మీద వేలు పెట్టుకుంది. నేను చెప్పను తాతా అన్నట్టు.

ఆ గదిలో ఆ సంగతి తెలిసింది వాళ్ళిద్దరికే. ఆయన ఊరకుంటే ఊరకున్నట్టే. ఆ పిల్ల ఎన్నటికీ చెప్పదు. డాక్టరమ్మ దాదాపు ఆయన్ను దాటి పోయింది.

"ఈసుకుపోయింది," అన్నాడు.

అందరూ తిరిగి చూశారు.

"ఏడో నెల. మాయ నేనే తీసినా."

"నాయనా," అన్నాడు మునిశేఖర్.

"బిడ్డకు గుమ్మపాలు పోసినా. దినామూ పోసినా." ఆయన వాచిన కాలు వైపు చూశాడు. "మోకాలు వాసినాక ఇంకా ఎక్కువ పోసినా."

మహిత దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. డాక్టరమ్మ తిరిగి వచ్చింది. కేకలు వెయ్యలేదు. ఎందుకు పోశారని మాత్రం అడిగింది. ఎముకకని చెప్పాడు. ఆమె కాసేపు ఆయన ముఖం చూసి, మీకు జ్వరం వస్తోందా, నడుము నొప్పుందా, చెమటలు పడుతున్నాయా అని అడిగింది. అడిగినదానికల్లా తల ఊపాడు. ఆయన నెత్తురు కూడా తీయించింది.

ఇద్దరి నెత్తురులోనూ అదే పురుగు దొరికింది. ఆయనకు మాయ తీసిన చేతి మీదుగా వచ్చి ఉంటుందంది డాక్టరమ్మ.

మందులు మార్చారు. మాత్రలు, సూదులు, ఒకటి ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటికి వస్తుందని గట్టిగా చెప్పారు. జ్వరం ఈసారి నిజంగానే దిగింది. వాపు లాగింది. అప్పుడు తీసిన కొత్త ఎక్స్‌రేలో ఎముక అంచు ఒకవైపు చిమ్మెట తిన్న గుడ్డలాగా కనిపించింది. జబ్బు పోతుంది, పోయిన ఎముక మాత్రం రాదని డాక్టరమ్మ చెప్పింది. కింద బాసింపట్టు వేసుకుని కూచోలేకపోవచ్చు. పరుగెత్తితే ఆ కాలు వెనకబడొచ్చు. ఎదిగేకొద్దీ పొడవులో తేడా కూడా రావచ్చు.

"మొదటిసారి వచ్చినప్పుడే తెలిసుంటే?" అని జయంతి అడిగింది.

డాక్టరమ్మ మాత్రలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో మళ్ళీ ఒకసారి చెప్పి, పక్క మంచం దగ్గరికి పోయింది.

ఇంటికి వచ్చిన రోజు బస్సు దిగి బిడ్డను ఎత్తుకోవడానికి దేవరాజులు చేతులు చాపాడు. అలవాటు మీద చాపాడు. జయంతి మహితను చంకకు ఎత్తుకుని ఆయన ముందు నుంచే నడిచింది. ఇంటి మెట్ల దగ్గర మాత్రం ఆగింది. ఆమె గొంతులో కోపం లేదు. అది ఉండి ఉంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

"మామా, ఇంకమీదట బిడ్డకు మీ చేత్తో ఏదీ పెట్టొద్దు. మంచినీళ్ళు గూడా."

ఆయన తల ఊపాడు.

ఆ సాయంత్రం పశువుల డాక్టరు వచ్చాడు. ఆస్పత్రి నుంచి కబురు పోతే ముందే వచ్చి ఆవు నెత్తురు పట్టుకుపోయాడు, ఇప్పుడు సంగతి చెప్పడానికి వచ్చాడు. ఆవుకు ఆ రోగమే. దాన్ని అమ్మకూడదు, పాలు కేంద్రానికి పొయ్యకూడదు, వేరే పశువుతో కలపకూడదు. పితికిన పాలను గుంటలో పోసి సున్నం చల్లాలి. ఇది ఒక్క ఆవుతో ఆగే రోగం కాదని, ఊళ్ళో ఎవరి పశువు ఈసుకుపోయినా చెబితే వచ్చి చూస్తానని, అయితే ఎవరూ చెప్పరని అన్నాడు. మునిశేఖర్ అన్నిటికీ సరే సరే అని ఆయన్ను వీధి చివరి దాకా సాగనంపి వచ్చాడు.

వచ్చి తండ్రి ఎదురుగా నిలబడ్డాడు. పరంధామయ్య పొద్దున బండి తెస్తాడని, ఆవును ఎక్కించేస్తానని చెప్పాడు.

"యాడికి తోల్తాడు?" అని అడిగాడు దేవరాజులు.

"యాడికో ఒగ తావుకు. మనకేల అది? మనకు అమ్మినోడు చెప్పి అమ్మినాడా?"

"ఆడ బిడ్డలుండరా?"

మునిశేఖర్ ముఖం ఎర్రబడింది. వీధిలోకి వినపడకూడదని గొంతు తగ్గించాడు, తగ్గించడంతో ఆ మాట ఇంకా పదునెక్కింది. "బిడ్డలు నీకిప్పుడు గుర్తొచ్చినారా నాయనా? ఇన్నాళ్ళూ నోరు లేదే నీకు. నా కూతురు కాలు పొయినాక వచ్చిందా నోరు?"

అని లోపలికి పోయాడు. దేవరాజులు కొట్టం గుంజకు ఆనుకుని అట్లాగే ఉండిపోయాడు. కొడుకు అన్నది నిజం. దూడను పూడ్చింది కొడుకైతే, పూడుస్తుంటే చూస్తూ నిలబడింది తాను. ఊరికి చెప్పకుండా ఉన్నది ఇద్దరూ. నోట్లో ధార కొట్టింది మాత్రం తానొక్కడే.

మర్నాడు పొద్దున ఆయన మామూలు వేళకే లేచాడు. పొదుగు నిండి ఆవు అరుస్తోంది. దాన్ని అట్లా వదిలేయలేడు కదా. నీళ్ళు చల్లి, సవరించి, చుక్క మిగలకుండా పితికాడు. పెరట్లో కొత్తగా తవ్విన గుంటలో పాలన్నీ పోశాడు. పైన సున్నం చల్లాడు. తెల్లదాని మీద తెల్లది పడి ఉడికినట్టు బుడగలు లేచాయి. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. తర్వాత ఖాళీ క్యాను పట్టుకుని పాల కేంద్రం దారి పట్టాడు.

అక్కడ అప్పటికే వరస ఉంది. ఆయనా వరసలో నిలబడ్డాడు. పక్కనే టీ అంగట్లో పరంధామయ్య, అతని బండి డ్రైవరు టీ తాగుతున్నారు. పాలు కొలిచే జయచంద్ర కుర్రతనం నుంచి ఎరిగినవాడు. దేవరాజులు వంతు వచ్చినప్పుడు క్యాను వైపు చూసి నవ్వాడు.

"ఏం మామా, క్యాను ఊగిపోతాండాది? ఆవు అలిగిందా, నువ్వలిగినావా?"

దేవరాజులు క్యానును బల్ల మీద పెట్టలేదు. జయచంద్రకు చెబుతున్నట్టు మొదలుపెట్టి వెనక వరసకు వినపడేటట్టు చెప్పాడు.

"మా ఆవు ఈసుకుపోయింది. దూడ పుట్టి సచ్చిందని చెప్పింది అబద్ధం. దాని గుమ్మపాలు పోసినందుకే మా పాపకు మోకాలు పొయ్యింది. యవురింట్లో ఆవు ఈసుకుపోయినా పశువుల డాక్టరుకు చెప్పండి. బిడ్డలకు పచ్చిపాలు పొయ్యొద్దండి."

ఆయన నోట ఒకేసారి అన్ని మాటలు రావడం ఆ ఊరు ఎన్నడూ వినలేదు. పరంధామయ్య టీ సగంలో పారబోసి, డ్రైవరు భుజం తట్టి, ఖాళీ బండిని వచ్చిన దారినే తిప్పుకుపోయాడు. వెనకున్న ఒకాయన, తాతల కాలం నుంచీ తాగుతాండాం, యవురికీ యేమీ కాలేదే అని గొణిగాడు. ఇంకొకడు, ముసలాయనకు బిడ్డ దిగులుతో మతి చెడిందన్నాడు. ఒకామె మాత్రం క్యాను కింద పెట్టి, జ్వరం సాయంత్రమే వస్తాదా, పొద్దున గూడా ఉంటాదా అని నెమ్మదిగా అడిగింది. దేవరాజులు తనకు తెలిసినంత చెప్పాడు. ఆమె వరసలోంచి తప్పుకుని, పాలు పొయ్యకుండానే ఇంటివైపు తిరిగింది.

ఆయన పక్కకు జరిగి గోడ దగ్గర నిలబడ్డాడు. కొత్తగా ఎవరు వచ్చినా అవే మాటలు చెప్పాడు. మునిశేఖర్ ఎవరి ద్వారానో విని వచ్చాడు. దూరంగా ఆగి తండ్రిని చూశాడు. దగ్గరికి రాలేదు, పిలవలేదు, చివరికి వెనక్కి తిరిగి పోయాడు. పాల లారీ వచ్చింది, క్యాన్లు ఎక్కాయి, లారీ పోయింది. జయచంద్ర రేకు తలుపు దించాడు.

కేంద్రానికి పాలు పొయ్యని ఇళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నాయి. ఒక్క ఆవును ఇంట్లో పిల్లల కోసమే కట్టుకున్న ఇళ్ళు. దేవరాజులు నడుము మీద చెయ్యి పెట్టుకుని పైవీధి ఎక్కాడు. మొదటి ఇంటి వాకిట్లో పచ్చి ముగ్గు తొక్కకుండా పక్కన నిలబడి, లోపల ఎవరున్నారని పిలిచాడు.